బొమ్మ ఇంజిన్‌కి కూత పెట్టించిన ఖర్చు

విదేశం నుంచి తెప్పించిన తొమ్మిది వేల నాలుగు వందల రూపాయల శబ్దాల చిప్పునీ, మా ఆయన రెండు చేతులతో తప్ప పట్టుకోని బొమ్మ రైలింజిన్‌నీ, అబిడ్స్‌లో పగిలిన ఫోన్ అద్దాలు మార్చే మనిషి చేతిలో పెట్టాలన్న ఆలోచన అచ్చంగా నాదే. ఎవరూ సలహా ఇవ్వలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. ఇలాంటి పనులు చేసే ఒకాయన బెంగళూరులో ఉన్నాడు. రానూపోనూ కొరియర్‌తో కలిపి రెండు వేల ఐదు వందలు అడిగాడు. ఆ మాట వినగానే నాలో మా నాన్న షాపు షట్టరు పైకి లేచింది. "గోరంత చిప్పు అతికించడానికి అంతా? ఎనిమిది వందల్లో చేయించి చూపిస్తాను" అన్నాను. చేయించాను కూడా, సరిగ్గా ఎనిమిది వందలకే. ఆ గొప్ప ముందు చెప్పుకోనివ్వండి, తరవాతి సంగతి తరవాత.

మాది గుండీల షాపు. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకి నడిచేంత దూరంలో, ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఒకరు పక్కకి తిరగాల్సిన సందులో ఉండేది. గుండీలు, జిప్పులు, లేసులు, ఫాల్స్ అమ్మేవాళ్ళం. మా తాత కోస్తా నుంచి వచ్చి పెట్టిన షాపు. ఇంట్లో ఒక తెలుగు, కౌంటర్ దగ్గర ఇంకో తెలుగు మాట్లాడుతూ పెరిగాను. మనుషుల్ని అనుమానించడం నాన్న మాకు ఒక మర్యాదలాగా నేర్పాడు. కత్తెర సానకిచ్చినా, తక్కెడ రిపేరుకిచ్చినా, గోడ గడియారం ఇచ్చినా, తనకి తప్ప ఎవరికీ తెలియని గుర్తొకటి లోపల పెట్టి ఇచ్చేవాడు. "మనిషి మంచోడే అనుకో, అతని దగ్గర స్ప్రింగు తక్కువైతే?" అనేవాడు. ఇప్పటికీ ఆ సందుల్లో ఫోన్ బాగుచేయించుకునేవాళ్ళు ముందు బ్యాటరీ మీద పెన్నుతో సంతకం చేసి మరీ ఇస్తారు. ఇచ్చేవాడికి సిగ్గు లేదు, తీసుకునేవాడికి కోపం లేదు.

మా ఆయన ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, అయినా ఎవరేం చెప్పినా నమ్ముతారు. పుట్టింది నాంపల్లి స్టేషన్ వెనక సందులో, ఇప్పుడు మేముంటున్నదీ ఆ దగ్గర్లోనే. ముందు గదిలో సోఫా తీసేసి ప్లైవుడ్ బల్ల వేయించి, దాని మీద పట్టాలు పరిచి, జానెడు పొడవున్న రైళ్ళు నడుపుతుంటారు. వాటిల్లో ఆయనకి ప్రాణం పాత డీజిల్ ఇంజిన్. ఎర్రగా, ముక్కు మొండిగా ఉంటుంది. కానీ మూగది. చిన్నప్పుడు తెల్లవారకముందే స్టేషన్‌లో అలాంటి ఇంజిన్ ఒకటి నిలబడి గురగురమంటుంటే వాళ్ళింటి కిటికీ రెక్కలు వణికేవట. ఇప్పుడు అన్నీ కరెంటు ఇంజిన్లే. "వచ్చినా తెలీదోయ్, పోయినా తెలీదు" అన్నారొకసారి. ఆ మాటలోంచే ఈ చిప్పు పుట్టింది.

అది ఎలా పనిచేస్తుందో నాకు శ్రద్ధగా చెప్పారు. కరెంటు పట్టాల్లో ఉంటుంది. చక్రాలు దాన్ని అందుకుంటాయి. చక్రాల వెనక రాసుకుంటూ ఉండే రాగి రేకులు దాన్ని లోపలికి మోస్తాయి. చిప్పు ఆ కరెంటుతో మోటారునీ నడుపుతుంది, చక్కెర బిళ్ళంత స్పీకర్లోంచి ఇంజిన్ చప్పుడూ, కూతా వినిపిస్తుంది. నేను తలూపాను. నా తలలో ఎనిమిది వందలు తిరుగుతున్నాయి.

మర్నాడు అబిడ్స్ వెళ్ళాలనగా, మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తున్నప్పుడు, ఇంజిన్ పైడొప్ప మరలు విప్పాను. గుర్తు పెట్టకుండా ఇస్తే నాన్న మొహం ఎలా చూడను? పెన్నుతో పెడితే దొంగకి కనబడుతుంది, తుడిచేస్తాడు. మా అక్క కూతురు మొన్నొచ్చినప్పుడు వదిలేసి వెళ్ళిన నెయిల్ పాలిష్ సీసా ఉంది. నీళ్ళ రంగులో ఉంటుంది, అందులో సన్నటి వెండి మెరుపులు. మామూలుగా చూస్తే కనబడదు, టార్చి వాలుగా కొడితే తళుక్కుమంటుంది. ఇంతకంటే మంచి గుర్తు మా నాన్నకి కూడా తట్టి ఉండదు. మోటారు మీద ఒక చుక్క. తరవాత ఆలోచించాను. ఏ వస్తువులోనైనా దొంగకి పనికొచ్చేది లోహమే, ప్లాస్టిక్ ఎవడికి కావాలి? అందుకని కింది మూత ఊడదీసి, ఎక్కడ లోహం మెరిస్తే అక్కడల్లా పెట్టాను. చక్రాల వెనక పెట్టాను. రాగి రేకుల మీద పెట్టాను. ఆరనిచ్చి మూసేశాను. చిప్పు మాత్రం సీలు తీయని కవర్లో ఉంది, అది నా కళ్ళ ముందే విప్పుతాడు కదా అని వదిలేశాను.

పొద్దున్నే షట్టర్లు సగం లేచే వేళకి వెళ్ళాను. బోణీ వేళ. ఆ వేళ వచ్చిన గిరాకీని ఖాళీగా పంపడానికి ఏ దుకాణదారుకీ చెయ్యి రాదు. ఆ బలహీనత మీద మా కుటుంబం ఎన్ని చీరలు కొన్నదో లెక్కలేదు.

అతనికి నలభై దాటి ఉంటాయి. నుదుటి మీద భూతద్దం పట్టీ, నోట్లో ఆగని మాట. ఫోన్ కవర్లు అమ్మే సేటు దుకాణంలో సగం కౌంటర్ అతనిది. ఇంజిన్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎంత తీసుకుంటావ్ తమ్మీ?"

"గిది ఫోన్ కాదు మేడం, రైలింజిన్. గిట్లాంటిది గీడ ఎవ్వలు ముట్టరు. పదిహేను వందలు."

"నాలుగొందలు."

"నాంపల్లి టేషన్ల అడుగున్రి, గాళ్ళు పుణ్యానికి చేస్తరు."

"బోణీ చెయ్యకుండా పంపిస్తావా? సరే, పోతా." ఇంజిన్ సంచీలో పెట్టి రెండడుగులు వేశాను. రెండే వేయాలి, మూడో అడుగు వేస్తే వెనక్కి రావడం కష్టం.

"జర ఆగున్రి! పొద్దుపొద్దున ఏంది ఈ పంచాయితి. వెయ్యి."

ఎనిమిది వందల దగ్గర ఆగాం. ఐదొందలు ఇప్పుడు, మూడొందలు ఇంట్లో పట్టాల మీద నడిచాక.

"ఇంట్ల నడువకపోతే?"

"మూడొందలు లేవు."

"గట్టి మనిషివి మేడం" అన్నాడు. మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

స్టూలు లాక్కుని అతని చేతులకి జానెడు దూరంలో కూర్చున్నాను. కవరు నా ముందే చించాడు. వెంట్రుకల్లాంటి తీగలు, ఎరుపూ నలుపూ నారింజా, ఒక్కొక్కటే అతికిస్తూ మాట్లాడుతూనే ఉన్నాడు. ఇంతకుముందు గౌలిగూడ వైపు ఫుట్‌పాత్ మీద గొడుగు కింద కూర్చునేవాడట. వానొస్తే పని బంద్, బండ్లు తీయించేవాళ్ళొస్తే సామాన్ గాయబ్. ఈ అర కౌంటర్ దొరికి కొన్ని నెలలే అయింది. కాగితం లేదు, నోటి మాట మీద కిరాయి. "సేటుది ఒక్కటే షరతు మేడం. దుకాణం ముంగట లొల్లి కావద్దు. లొల్లయితే నేను మళ్ళ గొడుగు కిందకే."

రేటు పెంచడానికి ఇదో పాట అనుకున్నాను. మేమూ షాపులో పాడేవాళ్ళం.

టీ తెప్పించాడు. టీ గ్లాసులు తెచ్చినవాడు మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు. ఆ కాసేపు నాకు అతని చేతులు కనబడలేదు. కౌంటర్ కింద సొరుగు చప్పుడైంది. తొంగిచూశాను. ఆ సొరుగు నిండా ఆకుపచ్చ చిప్పులే, చిక్కుడు గింజల్లా. మనసులో పెట్టుకున్నాను.

చివరికి రెండు తీగలు చిప్పుకి నేరుగా తగిలించి స్విచ్చి వేశాడు. చక్కెర బిళ్ళలోంచి ముందు దగ్గులాంటిది వచ్చింది. తరవాత గురగుర మొదలై, కుదురుకుని, కౌంటర్ అద్దం మీద పెట్టిన మరలు గజగజలాడాయి. కూత వేయిస్తే పక్క దుకాణాల వాళ్ళు తలలు బయటపెట్టారు. "ఏంది బే, రైలెక్కిచ్చినవా?" అని ఎవరో అరిచారు. అతను చెవుల దాకా నవ్వాడు. నేను మాత్రం నవ్వకుండా టార్చి తీసి మోటారు మీద చుక్క చూసుకున్నాను. ఉంది.

ఇంట్లో మా ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల ముందు నిలబడి ఉన్నారు. ఇంజిన్‌ని పట్టాల మీద పెట్టి మీట తిప్పారు. దగ్గింది. గురగుర మొదలైంది. ఆగిపోయింది. మళ్ళీ దగ్గింది. జానెడు కదిలి ఆగింది. మళ్ళీ మొదటి నుంచి దగ్గు. మెట్లెక్కలేని ముసలాయన ప్రతి మెట్టు మీదా గొంతు సవరించుకుంటున్నట్టు ఉంది. ఆయన పట్టాలు తుడిచారు. వైర్లు చూశారు. అలాగే ఉంది. "పోనీలే" అని కుర్చీలో కూర్చున్నారు. ఆ ఒక్క మాటా అనకపోతే నేను అంత చెయ్యకపోదును.

లెక్క నాకు స్పష్టంగా కనబడింది. అతని దగ్గర బాగానే మోగింది, ఇంట్లో మోగలేదు. గుర్తు పెట్టినవన్నీ ఉన్నాయి. గుర్తు పెట్టనిది ఒక్కటే, చిప్పు. టీ గ్లాసులు. సొరుగు చప్పుడు. చూపించడానికి మనది మోగించి, పైడొప్ప బిగించేటప్పుడు వేరేది పెట్టేశాడు. ఆ మాటే మా ఆయనతో అంటే ఒప్పుకోలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. అతనితో కాదు, నేరుగా సేటుతో మాట్లాడాను. గిరాకీ మనిషి చెబితే ఫిర్యాదు, షాపు పిల్ల చెబితే సాక్ష్యం. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే వెళ్ళాను.

"సేట్‌జీ, మా నాన్న గుండీల షాపు మీకు గుర్తుందిగా. మీ నీడన కూర్చున్న మనిషి నా చిప్పు మార్చాడు."

అతను భూతద్దం పైకి నెట్టి లేచాడు. "ఏం మాట మేడం! నీ ముంగటనే కదా పెట్టిన!"

"పెట్టావ్. తీశావ్ కూడా."

"అమ్మతోడు! సొరుగు తీసి చూస్కో, గసోంటి చిప్పు నా తాన ఉంటదా? ఫోన్లయి అవి!"

"దొంగిలించినవాడు సొరుగులోనే పెట్టుకుంటాడా?"

నా గొంతు పెద్దది. కౌంటర్ మీద పెరిగిన గొంతు. సందు సగం ఆగింది. అతను, "పట్టాలు గీడికి తెండ్రి, గీడనే చూద్దాం" అని రెండుసార్లు అన్నాడు. అదే సరైన మాటని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు అది వాయిదా వేసే ఎత్తు అనిపించింది. సేటు అతనివైపు చూడకుండా, "సాయంత్రం దాకా సామాన్ తీసెయ్" అన్నాడు. ఇయర్‌ఫోన్లు అమ్మే ఒకాయన ఆ కౌంటర్ కోసం ఎప్పట్నుంచో తిరుగుతున్నాడట. నేను అక్కడుండగానే సేటు ఫోన్ చేశాడు, ఆయన వచ్చి బయానా కింద రెండు వేలు చేతిలో పెట్టి వెళ్ళాడు. సామాన్ సర్దేలోగా చిప్పు ఇప్పిస్తానని సేటు మాటిచ్చాడు. మూడొందలు ఇవ్వనక్కర్లేదన్న తృప్తితో ఇంటికి నడిచాను.

ఇంట్లో మా ఆయన ఇంజిన్‌ని వెల్లకిలా పడుకోబెట్టి, కింది మూత తీసి, కళ్ళద్దాల మీద ఇంకో భూతద్దం పెట్టుకుని చూస్తున్నారు.

"ఏమోయ్, ఇదేమిటి చూడు. రేకుల మీద ఏదో మెరుస్తోంది. చక్రాల వెనక కూడా. ఏదో పూత. అందుకే కరెంటు తెగిపోతోంది. తెగినప్పుడల్లా చిప్పు మళ్ళీ మొదటికొస్తోంది." తలెత్తి నావైపు చూశారు. "నువ్వన్నది నిజమేనోయ్. అతనే ఏదో గమ్ము పూసినట్టున్నాడు. నేనే అనవసరంగా మనుషుల్ని నమ్ముతాను."

పెళ్ళయ్యాక నా అనుమానాల్లో ఒక్కదానికీ ఒప్పుకోని మనిషి ఆ రోజు ఒప్పుకున్నారు. ఆయనకి తెలీదు, అతనికి తెలీదు, సేటుకి అక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు. నేను లోపలికి వెళ్ళి పప్పు పొయ్యి మీద పెట్టాను. పప్పు ఉడుకుతున్నంతసేపూ, ఆ చుక్కలు అతనే పెట్టి ఉండటానికి ఏమైనా వీలుందా అని నిజాయితీగా వెతికాను. దొరకలేదు. అన్నం వడ్డించేటప్పుడు సీసా తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టాను. ఆయన సీసాని చూశారు, ఇంజిన్‌ని చూశారు, నన్ను చూశారు. "తిని వెళ్ళు" అన్నారు, అంతే.

ఆ పూత తీసే ద్రవం ప్లాస్టిక్‌ని కరిగిస్తుందని, నేను పళ్ళపుల్లతో ఒక్కో చుక్కా గీకాను. ఆయన స్పిరిట్ దూదితో తుడిచారు. పట్టాల మీద పెట్టాం. దగ్గింది, గురగుర మొదలై, ఆగకుండా బల్లంతా తిరిగింది. ఆయన కళ్ళు మూసుకుని నిలబడ్డారు. నేను నిలబడి వినే స్థితిలో లేను. అప్పటికే ఎండ వాలుతోంది. చెప్పులేసుకుని, సీసా సంచీలో వేసుకుని, ఆటో ఎక్కాను. వంద అడిగాడు, వందకే ఎక్కాను.

అతను పనిముట్లు అట్టపెట్టెలో సర్దుతున్నాడు. నన్ను చూసి పెట్టె మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"మళ్ళ ఏం పోయింది మేడం?"

"ఏమీ పోలేదు. తప్పు నాది." సీసా కౌంటర్ మీద పెట్టి జరిగిందంతా చెప్పాను.

నమ్ముతాడనుకున్నాను. అతను సీసా వైపు చూసి, నా వైపు చూసి, "ఇప్పుడేం ప్లానుతోని వచ్చిన్రు? ఇచ్చిన ఐదొందలు కూడా వాపస్ కావాల్నా?" అన్నాడు.

సేటు ఇంకో దారిలో అనుమానించాడు. "బేటీ, ఇతనేమన్నా బెదిరించిండా? భయపడకు, చెప్పు."

నిజం చెబుతున్నానంటే నమ్మించడం ఇంత కష్టమని నాకు అనుభవం లేదు. చివరికి నా చిటికెన వేలి గోరు మీద ఒక చుక్క పెట్టి, కరెంటు పారుతోందో లేదో చూసే మీటరు తీగ ఆనించి చూడమన్నాను. "గోరు మీద కరెంటు ఎట్ల పోతది మేడం" అని విసుక్కుని, అతనే ఒక రాగి ముక్క తీసి, దాని మీద పూసి, ఊది ఆరబెట్టి, మీటరు పెట్టాడు. ముల్లు కదల్లేదు. పూత గీకి పెట్టాడు. కదిలింది. ఆ ముక్కని సేటు ముఖం ముందు పెట్టాడు.

"చూసిన్రా?" అన్నాడు సేటుతో.

సేటు తల గోక్కున్నాడు. "సమజయింది. కానీ బయానా తీసుకున్న. మాట తప్పితే డబల్ వాపస్ ఇయ్యాలె. అది బజార్ రివాజ్. నీకు తెల్వదా?"

తెలుసు. తీసుకున్న రెండు వేలకి ఇంకో రెండు వేలు కలిపి ఇవ్వాలి. ఇయర్‌ఫోన్ల ఆయన్ని పిలిపించాం. ఆయన వచ్చాడు, విన్నాడు, డబ్బు కోసం చెయ్యి చాపాడు. అక్కడ నా నోరు నా మాట వినలేదు. "బాబూ, పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకుంటున్నావ్, ఒక్క పూటకి రెండు వేలేంటి? వెయ్యి తీసుకో" అన్నాను.

వెనక నుంచి అతని గొంతు వినబడింది. "నా ఇజ్జత్ మీద కూడా బేరమేనా మేడం?"

రెండు వేలూ లెక్కపెట్టి ఇచ్చాను.

అతను అట్టపెట్టె విప్పలేదు. "పొద్దుగాల ఎంత గొంతుతోని చెప్పిన్రో గంత గొంతుతోని చెప్పున్రి" అన్నాడు. నేను దుకాణం మెట్టు మీద నిలబడి, ఇతను నా చిప్పు మార్చలేదు, నా ఇంజిన్‌ని నేనే పాడుచేసుకుని ఇతని మీద పడ్డాను, అని చెప్పాను. "ఇంకా గట్టిగ" అన్నాడు. ఇంకా గట్టిగా చెప్పాను. ఎదుటి చెప్పుల దుకాణం ఆయన తలూపాడు. పక్కాయన మాత్రం, "ఎంతిచ్చిండమ్మా నీకు?" అని అడిగాడు. కొందరు ఇప్పటికీ నమ్మలేదని నా అనుమానం. అందులో అతనొకడు. భూతద్దం మళ్ళీ నుదుటికి కట్టుకుని, పెట్టెలోంచి పనిముట్లు ఒక్కొక్కటే తీసి కౌంటర్ మీద పేరుస్తూ, ప్రతిదాన్నీ ఒకసారి తిప్పి చూసుకున్నాడు. నేను దగ్గరగా నిలబడి ఉన్నానుగా.

మూడొందలు ఇచ్చాను. తీసుకున్నాడు. మిగతా ఏడొందలు కూడా తీసుకో, నువ్వడిగినంతే అవుతుంది అన్నాను. "ఎనిమిదొందలు మాట్లాడినం, ఎనిమిదొందలే" అన్నాడు. నా మాట మీద నమ్మకం పోయినా తన మాట మీద నిలబడ్డాడు. ఆ పని నాకు చేతకాక అక్కడి నుంచి వచ్చేశాను. తిరిగి వచ్చేటప్పుడు నడిచాను.

ఇక లెక్క. చిప్పు, స్పీకరు, తెప్పించిన ఖర్చుతో కలిపి తొమ్మిది వేల నాలుగు వందలు. అమర్చినందుకు ఎనిమిది వందలు. బయానా తప్పించినందుకు రెండు వేలు. ఆటోకి వంద. ఒక మనిషిని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా దొంగని చేసినందుకు ఏమీ వెయ్యలేదు, అతను రేటు చెప్పలేదు, నేను అడగలేదు. మొత్తం పన్నెండు వేల మూడు వందలు. బెంగళూరు ఆయనకి ఇచ్చి ఊరుకుని ఉంటే పదకొండు వేల తొమ్మిది వందలతో పోయేది. నష్టం నాలుగు వందలు.